రోగి గుట్టు – ఊరి లెక్క

మనిషి గతించిన పిదప అతని పేర ప్రభుత్వము ఇచ్చు పత్రము మరణ ధ్రువపత్రము. పొలము వారసుల పేరికి మారవలెనన్నను, బీమా సొమ్ము చేతికి రావలెనన్నను, బ్యాంకులోని డబ్బు తీయవలెనన్నను, వితంతువునకు పింఛను మంజూరు కావలెనన్నను అది లేక పని జరుగదు. కార్వేటినగరములో పుచ్చుకొన్నను, చిత్తూరులో పుచ్చుకొన్నను ఆ పత్రములో మృతుని పేరు, తల్లిదండ్రుల పేర్లు, మరణించిన తేదీ, స్థలము ఉండును. ఒక్క సంగతి మాత్రము ఉండదు. ఏ జబ్బుచేత మరణించెనో అందు కనబడదు. గుమాస్తా వ్రాయుట మరచెనని కొందరనుకొందురు. అది మరపు కాదు, చట్టము ఆజ్ఞ.

1969 నాటి జనన మరణముల రిజిస్ట్రేషను చట్టములోని 17వ సెక్షనునందు రెండు మాటలు ప్రక్కప్రక్కనే కలవు. రుసుము చెల్లించి ఎవరైనను రిజిస్టరు వెదకించి, అందలి నమోదుకు నకలు పొందవచ్చునన్నది మొదటి మాట. అట్లు ఎవరికిచ్చిన నకలులోనైనను రిజిస్టరులో వ్రాసియున్న మరణకారణమును వెల్లడింపరాదన్నది రెండవ మాట. మొదటి మాట వాకిలి తెరచుచున్నది. రెండవ మాట లోపలి గది ఒకదానికి గడియ వేయుచున్నది.

వెల్లడింపరానిదానిని వ్రాయుట ఎందుకని ఎవరైనను అడుగవచ్చును. వ్రాయక తప్పదు. పూర్వము గ్రామాధికారులు చావు పుట్టుకల లెక్క వ్రాయు కాలములో కలరా, మశూచి, జ్వరము అని కారణము కూడ వ్రాసెడివారు. ఏ ఊరిలో ఏ జాడ్యము సోకినదో, ఎచటికి టీకాలు వేయువారిని పంపవలెనో ప్రభుత్వమునకు తెలియుటకు అట్టి లెక్కలే ఆధారము. మశూచి ఈ దేశమునుండి తొలగినదని 1977లో నిర్ధారణ చేయగలుగుటకు వెనుక ఊరూర రోగుల జాడ తీసి, లెక్క కట్టిన శ్రమ కలదు. కావున కారణమును దాచిపెట్టుట కాదు, దానిని అక్కరగలవాని చేతికే అందించుట చట్టము చేసిన పని. 2023లో ఈ చట్టమును సవరించినప్పుడు కూడ వైద్యుడు వ్రాసిన మరణకారణ పత్రము రిజిస్ట్రారునకును, మృతుని దగ్గరి బంధువునకును ఇయ్యవలెనని విధించిరి. వీధికి ఇయ్యవలెనని అనలేదు.

ఈ చిన్న సెక్షనులో ఒక పెద్ద ధర్మప్రశ్న ఇమిడియున్నది. ప్రభుత్వపు దస్తరము ప్రజల సొత్తు. దానిని చూచు హక్కు ప్రజలకు కలదు. రోగి దేహము రోగి సొత్తు. దాని గుట్టును కాపాడుకొను హక్కు అతనికి కలదు. రోగి దేహమును గూర్చిన మాట ప్రభుత్వ దస్తరములోనికి ఎక్కినప్పుడు, ఈ రెండు హక్కులలో దేనికి పైచేయి?

రోగమును గూర్చిన గుట్టు నేటి నాగరికత కనిపెట్టినది కాదు. ఎవరికిని చెప్పరానివని పెద్దలు లెక్కించిన తొమ్మిది గోప్యములలో ఆయువు, ఇంటిగుట్టులతోపాటు ఔషధమును చేర్చిరి. మనిషి వాడు మందు తెలిసినచో అతని రోగము తెలియును; రోగము తెలిసినచో అతని బలహీనత తెలియును; బలహీనత తెలిసినవాడు దానిని దేనికి వినియోగించునో చెప్పలేము. చరకసంహిత విమానస్థానములో శిష్యునకు గురువు చేయు ఉపదేశమున, రోగి యింట వైద్యుడు చూచిన సంగతులను బయట పలుకరాదను నియమము కలదు. గ్రీకు వైద్యుడైన హిప్పొక్రటీసు పేర ప్రసిద్ధమైన ప్రతిజ్ఞయు ఇదే చెప్పుచున్నది. ఇరువురును ఒకరినొకరు ఎరుగరు. అయినను రోగి మంచము దగ్గర నిలిచిన ఇద్దరికిని ఒకే ధర్మము స్ఫురించినది. ఏలయన, చెప్పిన మాట బయటికి పోవునని భయపడు రోగి నిజము చెప్పడు. నిజము తెలియని వైద్యుడు సరియైన మందు ఇయ్యలేడు.

ఈ సీమవారికి క్షయరోగపు కథ తెలియనిది కాదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరములో 1915లో క్షయ చికిత్సాలయము వెలసినది. గాలి మార్పు, విశ్రాంతి తప్ప వేరు గతి లేని ఆ రోజులలో ఆ చికిత్సాలయము ఎందరికో ప్రాణము పోసినది. కాని క్షయ అన్న మాట బయట పడిన ఇంటిలో పెండ్లి సంబంధములు తప్పిపోవుట, పలుకరింపులు తగ్గుట దక్షిణదేశమంతట పెద్దలు ఎరిగిన సంగతియే. మందులు వచ్చిన పిదప, ఇంటియొద్ద చికిత్స పొందినవారును ఆసుపత్రిలో ఉండి చికిత్స పొందినవారితో సమానముగా కోలుకొందురని మద్రాసులో జరిగిన పరిశోధన 1959లో చాటినది. రోగము లొంగినది; మాట లొంగలేదు. 2012లో కేంద్రప్రభుత్వము క్షయరోగులను గూర్చి వైద్యులందరును ఆరోగ్యశాఖకు తెలుపవలెనని ఆదేశించినది. ఇది న్యాయమే. ఒకరినుండి పదిమందికి సోకు రోగమును అధికారికి చెప్పకుండుట తగదు. అయితే ఆరోగ్యశాఖకు తెలుపుట వేరు, అంగడివీధికి తెలుపుట వేరు. ఈ భేదము చెరిగిన నాడు రోగి ఆసుపత్రి గడప తొక్కడు. రోగము లోలోపలనే ఇల్లిల్లు తిరుగును.

ఇంతవరకు గుట్టు పక్షము. ఇక వెలుగు పక్షము వినవలెను.

1923 నాటి అధికార రహస్యముల చట్టము నీడలో ఈ దేశపు కచేరీలు చిరకాలము పని చేసినవి. చిల్లర కాగితమునకు సైతము రహస్యమని ముద్ర వేయుట అధికారులకు అలవాటైనది. కూలివాని మస్టరు రోలులో లేని పేర్లు చేరుట, వచ్చిన మందులు రోగికి అందకపోవుట, చనిపోయినవాని పేర డబ్బు చెల్లుట ఈ చీకటిలోనే పెరిగినవి. రాజస్థానములో కూలిజనము లెక్కలు చూపుడని అడిగిన ఉద్యమము దేశమంతట వ్యాపించి, తుదకు 2005లో సమాచారహక్కు చట్టమైనది. బిజ్జలుని కొలువులో భండారిగా ఉండిన బసవేశ్వరునిపై నింద పడినప్పుడు ధనాగారమును తెరచి లెక్క చూపుటచేతనే ఆ నింద తొలగినదని కథ. ప్రజల ధనమును చేతపట్టినవాడు లెక్క చూపుటకు జంకరాదు. జంకినచో అందు దోషమున్నదని లోకము తలచుట సహజము.

2005 నాటి చట్టము ఈ రెండు పక్షములను తూచి చూచినది. 8వ సెక్షను 1వ ఉపసెక్షనులోని జే అను ఖండము ప్రకారము, ప్రజాకార్యముతో సంబంధము లేనిదియో, వ్యక్తి ఏకాంతమునకు అకారణముగా భంగము కలిగించునదియో అయిన వ్యక్తిగత సమాచారమును ఇయ్యనక్కరలేదు. విస్తృతమైన ప్రజాప్రయోజనము ఉన్నదని అధికారికి తోచినచో ఇయ్యవలెను. శాసనసభకు నిరాకరింపరాని సమాచారమును సామాన్యునికిని నిరాకరింపరాదు. 10వ సెక్షను ప్రకారము ఒక కాగితములో ఇయ్యదగినదియు, ఇయ్యరానిదియు కలిసియున్నచో ఇయ్యరాని భాగమును వేరుపరచి మిగిలినది ఇయ్యవలెను. 11వ సెక్షను ప్రకారము, మూడవ వ్యక్తి గోప్యముగా ఇచ్చిన సమాచారమును బయట పెట్టదలచినచో ఐదు దినములలో అతనికి తెలియజేసి, అతడు చెప్పుకొనుటకు పది దినములు గడువీయవలెను. అనగా తలుపు పూర్తిగా మూయుటయు కాదు, పూర్తిగా తెరచుటయు కాదు. ప్రతి గదికిని వేరువేరుగా ఆలోచించి గడియ పెట్టుట.

ఆలోచన లోపించినచో ఏమగునో 2018లో ఆంధ్రప్రదేశమే చూచినది. పేదలకు చౌకగా మందులు దొరకుటకు ఏర్పరచిన అన్న సంజీవిని దుకాణముల అమ్మకముల వివరములు ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరికైనను కనబడునట్లు ఉన్నవని ఆ సంవత్సరము జూన్ నెలలో వార్తలు వచ్చినవి. ఏ దుకాణములో ఎన్ని మందులు అమ్ముడైనవన్న లెక్క మాత్రమే అయినచో దానిని మెచ్చుకొనవలసినదే. కాని అందు కొన్నవారి పేర్లు, ఫోను నంబర్లు, కొన్న మందులు కూడ ఉన్నవి. మగతనపు లోపమునకు వాడు మందు కొన్నవాని పేరును అందరితోపాటు ఆ పట్టికలో చేరినది. దీనిని ఏ పౌరుడును అడుగలేదు. ఏ న్యాయస్థానమును ఆజ్ఞాపించలేదు. ఎవరికిని కీడు తలపెట్టినవారును లేరు. పారదర్శకత అను మంచిమాట పేర, చూపవలసిన దుకాణపు లెక్కతోపాటు చూపరాని మనిషి గుట్టును కూడ ఒకే పళ్లెములో వడ్డించిరి. వందరూపాయల మందును చౌకగా కొనదలచిన పేదవాడు ఆ చౌకకు తన మానమును వెలగా చెల్లింపవలసి వచ్చుట ధర్మము కాదు. ధనికుడు పెద్ద అంగడిలో అదే మందును గుట్టుగా కొనుక్కొనును గదా!

రెండేండ్లలోనే కరోనా వచ్చినది. 2020 మార్చిలో కర్ణాటక ప్రభుత్వము విదేశములనుండి వచ్చి యింట విడిగా ఉండవలసినవారి చిరునామాలను బయట పెట్టినది. పలుచోట్ల రోగుల యిండ్ల తలుపులకు నోటీసులు అంటించిరి. ఇరుగుపొరుగులను కాపాడుటయే దాని ఉద్దేశము. కాని నోటీసు అంటిన యింటికి పాలవాడు రాడు, పనిమనిషి రాదు, రోగము పోయిన తరువాతను చూపు మారదు. అదే సంవత్సరము డిసెంబరులో సుప్రీముకోర్టు, విపత్తు నిర్వహణ చట్టము క్రింద సమర్థాధికారి ప్రత్యేకముగా ఆజ్ఞ ఇచ్చిన సందర్భములలో తప్ప అట్టి నోటీసులు అంటింపరాదని చెప్పినది.

పేరు తొలగించినంత మాత్రమున గుట్టు నిలుచునని తలచుటయు పొరపాటే. మహానగరములో యాబదియేండ్ల పురుషుడు, మూత్రపిండముల వ్యాధి అని వ్రాసినచో అతడెవరో ఎవరికిని తెలియదు. కార్వేటినగరము వంటి ఊరిలో వీధి పేరు, వయస్సు, వృత్తి వ్రాసినచో చాలును; స్కంద పుష్కరిణి మెట్లమీద కూర్చున్న నలుగురు పేరు తామే పూరింపగలరు. వారమునకు రెండు మూడు మార్లు తిరుపతికో వేలూరుకో పోయి వచ్చువాడెవడో బస్సు ఎక్కు ప్రతివానికి తెలియును. చిన్న ఊరిలో లెక్కయే పేరు పలుకును. కాబట్టి ఊరు చిన్నదైన కొలది లెక్కను పెద్ద మొత్తములో, మండలమునకో జిల్లాకో కలిపి చెప్పవలెను.

పింఛనుల జాబితా ఇందుకు మంచి ఉదాహరణము. 2024 జూలై నుండి ఆంధ్రప్రదేశములో వృద్ధులకు 4,000 రూపాయలు, వికలాంగులకు 6,000, మూత్రపిండముల వ్యాధి మొదలైన దీర్ఘరోగములున్న కొందరికి 10,000, పక్షవాతముతో మంచమునకో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 చొప్పున నెలసరి పింఛను నిర్ణయమైనది. హెచ్.ఐ.వి.కి మందులు వాడువారికిని ఒక తరగతి కలదు. వారికి ఇచ్చునది వృద్ధులకు ఇచ్చు మొత్తమే. ఇప్పుడు గోడమీద జాబితా అంటింపవలసి వచ్చినదనుకొందము. ప్రజాధనము కనుక ఎవరికి పోవుచున్నదో ఊరు తెలిసికొనవలెను. దొంగ ధ్రువపత్రములతో పింఛను పుచ్చుకొనువారు ఉందురన్న అనుమానముతో 2025లో వికలాంగుల పింఛనులను వైద్యులచేత మరల పరీక్షింపజేసిరి. కాని జాబితాలో పేరు ప్రక్కన తరగతి అను గడి ఉన్నచో ఆ గడియే రోగపు పేరు. ముప్పదియేండ్ల స్త్రీ ప్రక్కన ఆ తరగతి వ్రాయుట, ఆమె బిడ్డలకు బడిలో ఏ గతి పట్టునో ఆలోచింపని చేతి వ్రాత.

మరి దొంగను పట్టుట ఎట్లు? దారి లేకపోలేదు. ఊరిలో మొత్తము పింఛనులెన్ని, మొత్తము సొమ్మెంత అన్నది గోడమీద ఉండవచ్చును. తరగతులవారీ లెక్క జిల్లా మొత్తములో ఉండవచ్చును. అర్హతను వైద్యుల బృందము పరీక్షింపవలెను. ఆ బృందము నడచిన తీరు, ఇచ్చిన తీర్పులెన్ని, మారిన తీర్పులెన్ని అన్నది అందరికిని తెలియవలెను. తనిఖీ చేయువారు గోప్యము పాటింతుమని కట్టుబడి అసలు కాగితములు చూడవచ్చును. తప్పు చేసి పత్రము వ్రాసిన వైద్యుని పేరు బయటికి రావలెను. ఆ పత్రము పట్టుకొన్న నిజమైన రోగి పేరు రానక్కరలేదు.

గుట్టుకు హద్దులు లేవా అను ప్రశ్న మిగిలియున్నది. కలవు. 1998లో సుప్రీముకోర్టు ముందుకు వచ్చిన ఒక వ్యాజ్యములో, పెండ్లి నిశ్చయమైన పురుషునికి హెచ్.ఐ.వి. ఉన్నదని ఆసుపత్రినుండి తెలిసి ఆ పెండ్లి ఆగిపోయినది. గుట్టు బయట పెట్టినందుకు ఆసుపత్రి పరిహారము ఇయ్యవలెనని అతడు కోరెను. వధువు ప్రాణమునకు ముప్పు ఉన్నప్పుడు ఆమె ఆరోగ్యపు హక్కు పైదని కోర్టు చెప్పినది. 2002 నాటి వైద్యుల నడవడి నియమములును ఈ త్రోవనే నడచినవి. న్యాయస్థానపు ఆజ్ఞ, ఫలానా వ్యక్తికో సమాజమునకో గుర్తింపదగిన పెద్ద ముప్పు, తప్పక తెలుపవలసిన రోగము – ఈ మూడు సందర్భములలో తప్ప రోగి రహస్యమును వైద్యుడు చెప్పరాదు. అదే నియమములు రోగి తన కాగితములను తానడిగినచో 72 గంటలలో ఇయ్యవలెనని కూడ విధించినవి. గుట్టు రోగికొరకే కాని రోగినుండి దాచుటకు కాదు. 2018 సెప్టెంబరులో అమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టము ఇంకొక అడుగు వేసి, కోర్టు దస్తరములోనే రోగికి మారుపేరు వాడుటకు వీలు కల్పించినది. ముప్పు ఉన్న ఒక్కరి చెవిలో చెప్పుట ధర్మము. ఊరి గోడమీద వ్రాయుట అధర్మము.

న్యాయస్థానములు కూడ ఈ ప్రశ్నకు క్రమక్రమముగా మెరుగైన సమాధానము వెదకినవి. 1994లో రాజగోపాల్ కేసులో, ఒక సంగతి బహిరంగ దస్తరములోనికి ఎక్కినచో దానిపై ఏకాంతపు హక్కు నిలువదని సుప్రీముకోర్టు సూత్రము చెప్పి, మానభంగము వంటి నేరములకు గురియైన స్త్రీల పేర్లను మినహాయించినది. దస్తరములో ఎక్కినదంతయు వీధిదే అన్న అర్థము దాని వలన వచ్చు ప్రమాదము కలదు. 2004లో ఈ రాష్ట్రమునుండి వెళ్లిన వ్యాజ్యమే దానిని సరిదిద్దుటకు తోడ్పడినది. 1986లో భారత స్టాంపు చట్టమునకు ఆంధ్రప్రదేశము చేసిన సవరణ ప్రకారము కలెక్టరు అనుమతించిన ఏ వ్యక్తియైనను బ్యాంకులోని ఖాతాదారుల కాగితములు తనిఖీ చేయవచ్చునని ఉండెను. మనిషి తన కాగితమును బ్యాంకునకు ఇచ్చినంత మాత్రమున దాని గోప్యతను వదలుకొన్నట్లు కాదనియు, ఏకాంతపు హక్కు స్థలమునకు కాక మనుష్యునికి చెందినదనియు కోర్టు తీర్మానించి ఆ సవరణను కొట్టివేయుటను సమర్థించినది. బ్యాంకునకు వర్తించినది ఆసుపత్రికి ఇంకను బాగుగా వర్తించును. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఏకాంతమును ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. 2019 నవంబరులో ఐదుగురి ధర్మాసనము, సమాచారహక్కు సందర్భమున, వైద్య దస్తరములు, చికిత్స, వాడు మందులు, వెళ్లిన ఆసుపత్రులు, వైద్యులు – ఇవన్నియు వ్యక్తిగత సమాచారమని స్పష్టము చేసినది. ప్రజాప్రయోజనము దానికంటె బరువైనదని తేలినప్పుడే వెల్లడింపవచ్చునని చెప్పినది.

ఇంత తూచి నిలిపిన త్రాసు ఇటీవల ఒక ప్రక్కకు ఒరిగినది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము 44వ సెక్షను ద్వారా, సమాచారహక్కు చట్టములోని ఆ జే ఖండము కుదించబడినది. 2025 నవంబరునుండి ఆ మార్పు అమలులో ఉన్నది. ప్రజాకార్యముతో సంబంధము, అకారణ భంగము, శాసనసభతో సమానత అను మాటలన్నియు పోయి, వ్యక్తిగత సమాచారమైనచో ఇయ్యనక్కరలేదు అన్నంత మాత్రమే మిగిలినది.

దీనివలన రోగి గుట్టు మరింత భద్రమగునని సంతసించువారు కలరు. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. ప్రజాప్రయోజనము బరువైనచో ఇయ్యవచ్చునను 8వ సెక్షను 2వ ఉపసెక్షను ఇంకను నిలిచియున్నదని కూడ వారు చెప్పుదురు. కాని రోగికి అవసరమైన రక్షణ 2005 చట్టములోనే కలదు. కోర్టు దానిని 2019లో స్థిరపరచినది. క్రొత్త మాటవలన క్రొత్తగా చాటు దొరకినది రోగికి కాదు. వైద్యుడు ఎన్ని దినములు విధికి వచ్చెనని అడిగినచో అది వైద్యుని వ్యక్తిగత సమాచారమనవచ్చును. మందుల గుత్త ఎవరికి ఇచ్చిరని అడిగినచో అది గుత్తేదారుని వ్యక్తిగత సమాచారమనవచ్చును. వ్యక్తి పేరు లేని ప్రభుత్వ కాగితము ఎక్కడ ఉండును? రోగి కొరకు నేసిన దుప్పటిని ఆరోగ్యవంతుడైన అధికారి కప్పుకొని పరుండును. మందు అందని రోగికి ఆ దుప్పటి ఏ మేలు చేయును?

కావున ఈ ప్రశ్నను తేల్చుటకు గుట్టు మంచిదా, వెలుగు మంచిదా అని అడుగుట చాలదు. గుట్టు ఎవరిది, దానిచేత కాపాడబడువాడు బలహీనుడా బలవంతుడా అని అడుగవలెను. ఒక కాగితములో దేహమును గూర్చిన మాట ఉండవచ్చును, ధనమును గూర్చిన మాట ఉండవచ్చును, అధికారమును గూర్చిన మాట ఉండవచ్చును. దేహపు మాట రోగిది. అతని అనుమతి లేనిదే కదలరాదు. ధనపు మాటయు, అధికారపు మాటయు ఊరివి, అడుగకముందే చూపవలెను. మంత్రికి ప్రజాధనముతో చికిత్స జరిగినచో ఖర్చెంతయని అడుగుట ఊరి హక్కు. అతని రోగమేమని అడుగుట, ఆ రోగము అతని పదవీనిర్వహణకు అడ్డుపడినదాకను, ఊరి హక్కు కాదు.

ఈ వివేకము ఢిల్లీలో వ్రాసిన సెక్షనులో ఎంత ఉన్నను, తుదకు ఊరిలో బీరువా తాళము పట్టుకొన్న చిన్న ఉద్యోగి చేతిలోనే నిలువవలెను. ఆసుపత్రిలో చీటీ వ్రాయువాడు వరుసలోని పదిమంది వినునట్లు రోగము పేరు పిలువకుండుట, సచివాలయములో జాబితా అంటించువాడు తరగతి గడిని మడచుట, బడిలో బిడ్డ వైద్య ధ్రువపత్రమును ఉపాధ్యాయుడు తరగతిలో చదువకుండుట – వీనికి కోర్టు తీర్పు అక్కరలేదు. అట్లే మందుల నిల్వ పుస్తకమును చూపుమని ఎవరైన అడిగినప్పుడు ముఖము చిట్లింపక బల్లమీద పెట్టుటకును తీర్పు అక్కరలేదు. మొదటిది దయ, రెండవది నిజాయితీ. ఈ రెండును ఒకే ఉద్యోగి యొద్ద ఉండవలెను. దయ లేని లెక్క రోగిని వీధిన పెట్టును. లెక్క లేని దయ దొంగకు ఇల్లు కట్టిపెట్టును.